నలభై ఏడో నంబరు చొక్కా

ఆమె ముక్కు గురించి ఆ బడిలో చెప్పుకోనివాళ్ళు లేరు. ఆడపిల్లల హాస్టల్ ఉన్న బడి అది. వారానికి రెండుసార్లు మూడు వందల మంది పిల్లల బట్టలు ఆమె చేతుల మీదుగా వెళ్ళాలి. మూటలు విప్పడం, జేబులు తడమడం, మరకలున్నవి ఒక గుట్ట, చెమట పట్టినవి ఒక గుట్ట వేయడం, ఉతికి ఆరినవాటికి ఇస్త్రీ చేయడం, ఇవన్నీ ఆమె పనులే. కాలరు లోపల ఎర్రదారంతో కుట్టిన నంబరు చూడకుండానే, చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని ఇది ఫలానా పిల్లదని చెప్పేసేది. అందుకే పిల్లలందరికీ ఆమె ముక్కు పిన్ని.

"పిన్నీ, నిన్న నేనేం తిన్నానో చెప్పు చూద్దాం" అని సవాలు చేసేవాళ్ళు కొంటెపిల్లలు.

"తిన్నది చెప్పడం గొప్పేంటే? తిని చెయ్యి నీ పక్కపిల్ల చొక్కాకి తుడిచావు, అది చెప్పమంటావా?" అనేది. పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. ఆమెకీ లోలోపల గర్వంగానే ఉండేది. మనిషన్నాక ఏదో ఒక గొప్ప ఉండాలి కదా, చదువూ డబ్బూ లేనివాళ్ళకి ముక్కయినా ఉండాలి.

మంగళవారం పొద్దున వార్డెనమ్మ లాండ్రీ గదిలోకి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ లోపలికి రాదు, ఆవిరి బట్టల మీద పడుతుందని గుమ్మంలోనే నిలబడి మాట్లాడుతుంది. ఆ రోజు లోపలికి వచ్చి, ఇస్త్రీ బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"జనరేటరు షెడ్డు వెనక సిగరెట్టు పీకలు దొరికాయి. ఒకటీ రెండూ కాదు, డబ్బాడు. ఎవరో మన పిల్లలే" అంది గొంతు తగ్గించి.

"హవ్వ!" అని ముక్కున వేలేసుకుంది పిన్ని.

"నువ్వు ఆశ్చర్యపోతే ఎలా? నీకు తెలియకుండా ఉంటుందా? ఇన్ని బట్టలు వాసన చూసేదానివి."

తెలుసు. రెండు నెలలుగా తెలుసు. ఒక చొక్కాలో ఆ వాసన వస్తూనే ఉంది. ఉతికినా పూర్తిగా వదలదు. నీళ్ళు చిలకరించి కాలరు మీద వేడి ఇస్త్రీ పెట్టె ఆనించగానే, దాక్కున్న దొంగలా పైకి లేస్తుంది. ఎవరికీ చెప్పలేదు. పసిపిల్ల, ఏదో సరదా, మానేస్తుందిలే అనుకుంది.

"ఏం చేస్తారమ్మా తెలిస్తే?" అని అడిగింది.

"ఏం చేస్తాం? పిలిచి నాలుగు మంచిమాటలు చెప్తాం. ఈ వయసులో పిల్లల్ని కొట్టి మార్చలేం కదా. నాకూ నీకూ మధ్యనే ఉంటుంది, నామాట నమ్ము."

పిన్ని పెట్టె పక్కకి తీసి నిలబెట్టింది. తన ముక్కుని వెతుక్కుంటూ వార్డెనమ్మంతటి మనిషి వచ్చి స్టూలు మీద కూర్చుందన్న సంబరం కూడా కాస్త ఉంది, ఉన్నమాట చెప్పుకోవాలి. గుట్టలోంచి ఒక చొక్కా లాగి కాలరు తిప్పి చూపించింది.

"నలభై ఏడు."

వార్డెనమ్మ మొహం చిట్లించింది. "గువ్వా? ఆ నోట్లో నాలుక లేని పిల్లా?"

"నోటి సంగతి నాకు తెలీదమ్మా. చొక్కా సంగతి చెప్తున్నా" అంది పిన్ని.

గువ్వంటే తెలియకపోవడం ఏమిటి, పదో తరగతిలో తన కూతురికి ప్రాణస్నేహితురాలు. ఈ ఏడే కొత్తగా చేరింది. ముద్దగా ముడుచుకుని కూర్చుంటుందని పిల్లలు ఆ పేరు పెట్టారు. రోజూ పొద్దున్నే కూతురు గంట ముందే బయల్దేరి, హాస్టలుకి వెళ్ళి గువ్వని వెంటబెట్టుకుని తరగతికి వెళ్ళేది. సాయంత్రం కూడా దాని గదిలో చదువుకుని ఆరింటికి ఇల్లు చేరేది. అలాంటి పిల్ల పక్కనుంటే తన పిల్లకి ఎక్కడ అంటుకుంటుందో అన్న భయం కూడా పిన్ని చేత ఆ నంబరు చెప్పించింది. మందలిస్తే ఇద్దరికీ మంచిదే కదా అనుకుంది.

*

బుధవారం ప్రార్థన గంట కొట్టాక లాండ్రీ కిటికీలోంచి మైదానం కనిపించింది. పిల్లలంతా వరుసల్లో ఉన్నారు. ముందర, అందరికీ ఎదురుగా, ఒక్కతే నిలబడి ఉంది గువ్వ. ప్రిన్సిపాలమ్మ మైకులో మాట్లాడుతోంది. క్రమశిక్షణ, బడి పరువు, కుళ్ళిన పండు అన్న మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. శనివారం మేనమామ వచ్చి తీసుకువెళ్తాడన్న మాట మాత్రం పూర్తిగా వినిపించింది.

పిన్ని చేతిలో పెట్టె ఒకచోటే ఆగిపోయి, కింద దుప్పటి మాడిన కమురు వాసన వచ్చింది. గబుక్కున ఎత్తింది. నాలుగు మంచిమాటలు చెప్తామన్న మనిషి పిల్ల పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నం వరండాలో వార్డెనమ్మ ఎదురైతే అడిగేసింది. "మన మధ్యనే ఉంటుందన్నారు కదమ్మా?"

"నీ పేరు బయటికి రానివ్వలేదుగా" అంది ఆవిడ నడుస్తూనే. "ప్రిన్సిపాలమ్మ ఒకరిని పట్టుకుంటే పదిమందికి బుద్ధి వస్తుందన్నారు. ఆ పిల్ల కూడా కాదనలేదు. అడిగితే తలొంచుకుని నిలబడింది. ఇంకేం కావాలి?"

సాయంత్రం గువ్వే వచ్చింది లాండ్రీకి. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకుంది పిన్ని. తిట్టినా పడాల్సిందే.

"నా చొక్కాలు శనివారం లోపల అవుతాయా పిన్నీ?" అని అడిగింది గువ్వ.

"అవుతాయమ్మా." పిన్నికి ఉండబట్టలేదు. "నేనే చెప్పాను. అబద్ధం చెప్పలేదు కానీ, ఇలా చేస్తారని తెలిస్తే చచ్చినా చెప్పేదాన్ని కాదు."

"వాసన నిజమే పిన్నీ. మీరు అబద్ధమేం చెప్పలేదు" అంది గువ్వ. బల్ల మీది చొక్కా అంచుని వేళ్ళతో సర్దుతూ, తలుపు వైపు ఒకసారి చూసింది. ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

*

బడి ప్రహరీ లోపలే, వెనకవైపు, వాళ్ళుండే ఒంటిగది. లాండ్రీ పని ఉన్నన్నాళ్ళూ ఆ గది వాళ్ళది, కూతురి చదువుకి ఫీజు లేదు. మొగుడు లారీ నడుపుతాడు. పదిరోజులకోసారి వచ్చి రెండురోజులుంటాడు. బుధవారం సాయంత్రం మళ్ళీ బండెక్కడానికి తయారవుతున్నాడు.

అతని చొక్కాకి ఇస్త్రీ చేసి, మడత పెట్టి, అలమారులోంచి సిగరెట్టు పెట్టె తీసి జేబులో వేసింది. ఉతికేముందు తీసి అలమారులో పెట్టడం, ఇస్త్రీ అయ్యాక మళ్ళీ జేబులో పెట్టడం ఆమెకి ఏళ్ళనాటి అలవాటు.

గువ్వ సంగతి చెప్తే అతను నాలుక చప్పరించాడు. "ఆడపిల్లకి ఇదేం పోయేకాలం? పెంపకం అలా ఏడ్చింది. మన చిట్టిని దాని ఛాయలకి పోనివ్వకు" అని, జేబులోంచి ఒకటి తీసి వెలిగించుకుంటూ గుమ్మం దాటాడు.

గురివింద గింజ సామెత గుర్తొచ్చి పిన్నికి నవ్వొచ్చింది కూడా. కానీ ఆ నవ్వు తనమీదకే తిరుగుతుందని అప్పటికి తెలియదు.

చిట్టి స్నానం చేసి వచ్చింది. ఈమధ్య బడినుంచి రాగానే తలమీద నీళ్ళు పోసుకుంటోంది. పెద్దదవుతోంది, శుభ్రత నేర్చుకుంటోందని తల్లి మురిసిపోయింది. ఇంకోటీ నేర్చుకుంది. చిట్టిది ఎడమచేతి వాటం. ఇంకు పెన్నుతో రాస్తుంటే తడి ఆరకముందే అక్షరాల మీదుగా చెయ్యి జరిగి, ఎడమ కఫ్ చిటికెనవేలి వైపంతా నీలమయ్యేది. ఒకటో తరగతి నుంచీ ఆ మరకని ఉప్పూ నిమ్మకాయా వేసి తోమడమే పిన్ని పని. అదిగో, రెండు నెలలుగా ఆ కఫ్ తెల్లగా వస్తోంది. పిల్లకి పొందిక వచ్చిందని ఇరుగుపొరుగుకి కూడా చెప్పుకుంది.

"గువ్వని చూశావా?" అని అడిగింది.

"ఊఁ" అంది చిట్టి, తల తుడుచుకుంటూ.

"ఏమైనా మాట్లాడావా?"

"ఏం మాట్లాడను? అందరూ చూస్తుంటారు." తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది. పాపం, స్నేహితురాలి కోసం ఏడుస్తోందనుకుంది తల్లి. వీపు నిమిరింది.

*

శుక్రవారం మధ్యాహ్నం గువ్వ తన బట్టల కోసం వచ్చింది. ఒక చొక్కా ఇంకా తడిగా ఉంది. ఆ రోజు ఎండ సరిగ్గా కాయలేదు.

"తడిది పెట్టెలో పెడితే ముక్కిపోతుంది. ఆరాక నేనే పోస్టులో పంపిస్తాను. అడ్రసు రాసివ్వు" అని కాగితం, ఇంకు పెన్ను ఇచ్చింది పిన్ని.

గువ్వ బల్ల మీదికి వంగి రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. పిన్ని మెచ్చుకోలుగా చూస్తోంది. వరుస అయిపోయింది, రెండో వరుస, మూడోది. రాసిన చెయ్యి ముందుకు జరుగుతుంటే, సిరా వెనకాలే ఆరిపోతోంది. కఫ్‌కి అంటడం లేదు.

కుడిచెయ్యి.

గువ్వ కాగితం ఇచ్చి వెళ్ళింది. పిన్ని కొయ్యకి వేలాడుతున్న తడిచొక్కా దగ్గరికి వెళ్ళి ఎడమచేతి కఫ్ పట్టుకుంది. చిటికెనవేలి వైపు, గుండీ పక్కగా, ఉతికినా పోని నీలం. కొత్తగా చూసిందేం కాదు. రెండు నెలలుగా ఇస్త్రీ చేస్తూనే ఉంది ఆ మరక మీద. ఇదీ సిరా పూసుకునే బాపతే, నా కూతురికి తోడు దొరికింది అని నవ్వుకుంది కూడా ఒకసారి. పదేళ్ళు తన చేత్తో తోమిన మరక. దాని పొడవూ వెడల్పూ కళ్ళు మూసుకుని చెప్పగలదు.

కాలరు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఈసారి నిదానంగా, కావాలని చూసింది. అన్ని సిగరెట్లూ ఒకటే కంపు అనుకుంది ఇన్నాళ్ళూ. కాదు. ఇది తమ గది వాసన. గోడకి, పరుపుకి, మొగుడి చొక్కాలకి పట్టిన వాసన. రోజూ పీల్చేదే కాబట్టి ముక్కు దాన్ని వాసనల్లో లెక్కెయ్యడమే మానేసింది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పిన్ని స్టూలు మీద కూలబడింది. మూడు వందల మంది పిల్లల గుట్టు విప్పే ముక్కు, కడుపున పుట్టినదాని ముందు చేతకానిదైంది. ఆ చేతకానితనానికి ఎవరి పిల్లో అందరిముందు నిలబడింది.

*

చిట్టి ఆరింటికి వచ్చింది. స్నానానికి వెళ్ళబోతుంటే తల్లి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఆగు. అలాగే రా ఇక్కడికి."

జుట్టు దగ్గర మొహం పెట్టింది. చిట్టి కదల్లేదు. తల్లి మొహం చూడగానే అర్థమైపోయింది దానికి.

"ఎప్పట్నుంచే?"

చిట్టి పుస్తకాల సంచి కింద పెట్టింది.

"పొద్దున్నే దాని గదికెళ్ళి ఇద్దరూ చొక్కాలు మార్చుకునేవాళ్ళన్నమాట. రోజంతా నువ్వు దాని చొక్కాలో, అది నీ చొక్కాలో. సాయంత్రం మళ్ళీ ఎవరిది వాళ్ళకి. నేను నీ చొక్కా వాసన చూసుకుని మురిసిపోవాలి. అంతేనా?"

"నీ ముక్కంటే భయమమ్మా" అంది చిట్టి, నేల చూస్తూ.

తల్లికి చెంప మీద కొట్టినట్టయింది. అదే చేత్తో కూతుర్ని కొట్టబోయి, ఎత్తిన చెయ్యి దింపుకుంది. "ఎందుకే? ఏం తక్కువైందని?"

అడిగేదాకా ఆగి ఆగి ఉన్నట్టు చిట్టి మాటలు ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"మొదటిసారి దగ్గొచ్చింది. ఇళ్ళనుంచి వచ్చే అమ్మాయిలున్నారు కదా, వాళ్ళందరూ నవ్వారు. రెండోసారి రాలేదు, నవ్వలేదు. షెడ్డు దగ్గర నిలబడితే వాళ్ళు నన్ను ఇస్త్రీ ఆవిడ కూతురు అనరమ్మా. పేరు పెట్టి పిలుస్తారు. నాకు అదే బాగుంది, పొగ కాదు. తర్వాత పరీక్ష పేపరు చూస్తే చేతులు వణికేవి, అది కాలిస్తే ఆగేవి. ఇప్పుడు కాల్చకపోతే వణుకుతున్నాయి. మానేద్దామని ఆదివారం నుంచి మూడుసార్లు అనుకున్నా. నావల్ల కావట్లేదు."

చేతులు చాపి చూపించింది. నిజంగానే వేళ్ళు అదురుతున్నాయి. ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య పసుపు రంగు. సిరా మరకలు వెతికే కళ్ళకి అదెప్పుడూ కనపడలేదు.

"ఎక్కడివి నీకు?"

"నాన్న జేబులోవి."

"దొంగతనం కూడానా!"

"నువ్వే కదమ్మా తీసి అలమారులో పెడతావు. మళ్ళీ నీ చేత్తోనే ఆయన జేబులో పెడతావు. ఆయన్ని ఒక్కరోజూ ఏమీ అనవు. అది అంత పాపమైతే అంత జాగ్రత్తగా ఎందుకు పెడతావు?"

అనలేదా తను? అంది, కొత్తలో అంది. తర్వాత అనడం మానేసి అందివ్వడం మొదలుపెట్టింది.

"సరే, నా తప్పు నాకుంది. గువ్వ ఏం చేసింది నిన్ను? అది కాల్చిందా ఎప్పుడైనా?"

"లేదు."

"మరి చొక్కా ఎందుకిచ్చింది?"

"చేరినప్పుడు దానితో ఎవరూ మాట్లాడలేదు. నేనే మాట్లాడాను. నాకోసం ఏమైనా చేస్తావా అని అడిగితే చేస్తానంది." చిట్టి ముక్కు తుడుచుకుంది. "మొన్న అందరిముందు నిలబెట్టేముందు, నా వైపు చూసింది. రెండురోజులు ఓర్చుకోవే, నేనే వెళ్ళి చెప్తాను అన్నా. అందుకే అది నోరు విప్పలేదు."

"చెప్పావా?"

"ఎలా చెప్పనమ్మా? నన్ను తీసేస్తారు. నీ పని పోతుంది, గది పోతుంది. పరీక్షలింకా మూడు నెలలే. అదైతే వాళ్ళ ఊరెళ్ళి చదువుకుంటుంది, దానికి మేనమామ ఉన్నాడు. నువ్వు కూడా ఊరుకోమ్మా. నీకు దండం పెడతా."

గది, పని, చదువు. పిల్ల చెప్పిన లెక్కలో తప్పేం లేదు. తల్లి కూడా మధ్యాహ్నం నుంచి అదే లెక్క వేసుకుంటోంది. తేలనిది ఒక్కటే. తలుపు వైపు చూస్తూ నిలబడ్డ గువ్వ.

"పోతే పోనీ. ఇస్త్రీ పెట్టె ఉన్న చోటల్లా నాకు పని దొరుకుతుంది" అంది చివరికి. "నేను చెప్తే పట్టిచ్చినట్టవుతుంది. నువ్వు చెప్తే ఒప్పుకున్నట్టవుతుంది. రేపు ప్రార్థన కాగానే ఆఫీసుకెళ్ళి నీ నోటితో నువ్వు చెప్పు. నీ వెనకాల నేనుంటా. ఆ అలవాటు సంగతి తర్వాత ఇద్దరం కలిసి చూద్దాం. డాక్టరు దగ్గరికైనా వెళ్దాం. నిన్ను వదిలెయ్యను."

చిట్టి చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, తల్లి ఒళ్ళో తలపెట్టి, "చెప్తానమ్మా. ఒట్టు" అంది. పిన్ని ఆ తల నిమిరి, నమ్మింది. నమ్మకపోతే తల్లెలా అవుతుంది?

*

శనివారం ప్రార్థన అయింది. పిన్ని ఆఫీసు గది ఎదురుగా వరండా స్తంభం దగ్గర నిలబడింది. గేటు దగ్గర గువ్వ తన రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. రంగు బట్టల్లో ఉంది. పక్కన మేనమామ చేతిగడియారం చూసుకుంటున్నాడు.

పిల్లలు వరుసగా తరగతులకి కదిలారు. వరుసలోంచి చిట్టి విడివడింది. ఆఫీసు వైపు నాలుగడుగులు వేసింది. గేటు దగ్గర గువ్వ లేచి నిలబడింది. చిట్టి గుమ్మం దాకా వచ్చి, లోపలికి ఒకసారి తొంగి చూసి, తల్లి కళ్ళలోకి చూడకుండా పక్కకి తిరిగి, వరుసలో కలిసిపోయింది.

గువ్వ మళ్ళీ పెట్టె మీద కూర్చుంది.

పిన్ని లాండ్రీకి వెళ్ళింది. నలభై ఏడో నంబరు తడిచొక్కా, కూతురి ఉతికిన చొక్కా ఒకటి చేతిమీద వేసుకుని వచ్చి, పిలవకుండానే ఆఫీసులోకి వెళ్ళింది. ప్రిన్సిపాలమ్మ, వార్డెనమ్మ కాగితాలు చూస్తున్నారు.

"వాసన సరిగ్గానే చెప్పానమ్మా. మనిషిని తప్పు చెప్పాను" అంది. రెండు కఫ్‌లూ బల్లమీద పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు తెల్లగా ఉందో, ఏది ఎందుకు నీలంగా ఉందో, పొల్లు పోకుండా చెప్పింది.

ప్రిన్సిపాలమ్మ కళ్ళజోడు తీసింది. "సిరా మరక చూసి తేల్చమంటావా?"

"వాసన చూసి తేల్చారుగా."

వార్డెనమ్మ దగ్గింది. "అయిపోయినదాన్ని తిరగతోడితే బడి పరువేం కావాలి? నీ కూతురి సంగతైనా ఆలోచించుకోవా? కాస్త నెమ్మదిగా..."

"మీకు నెమ్మదిగానే చెప్పానమ్మా. మీరే మైకులో చెప్పించారు" అంది పిన్ని.

గేటు దగ్గర్నుంచి గువ్వనీ మేనమామనీ పిలిపించారు. తరగతిలోంచి చిట్టినీ పిలిపించారు. చిట్టి బల్లమీది చొక్కాలు చూసింది, తల్లిని చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ అమ్మ చెప్పేది నిజమేనా?" అని అడిగింది ప్రిన్సిపాలమ్మ.

"కాదండీ" అంది చిట్టి.

"నీది ఎడమచేతి వాటమా?"

"కాదండీ. చిన్నప్పుడు ఉండేది. ఇప్పుడు లేదు."

ప్రిన్సిపాలమ్మ కాగితం జరిపి, ఇంకు పెన్ను మూత తీసి ఇచ్చింది. "నాకేమీ తెలియదు అని రాసి సంతకం పెట్టు."

చిట్టి పెన్ను కుడిచేత్తో అందుకుంది.

పిన్నికి పాత రోజు ఒకటి గుర్తొచ్చింది. ఒకటో తరగతిలో ఇదే పిల్ల ఎడమచేతిని టీచరు రిబ్బనుతో బల్లకి కట్టేస్తే, ఇస్త్రీ పెట్టె వదిలేసి తను పరిగెత్తుకొచ్చింది. నా పిల్ల ఏ చేత్తో రాస్తే మీకెందుకు, అక్షరం అక్షరమే కదా అని బడి దద్దరిల్లేలా అరిచింది. ఆ ఒక్కరోజే ఆమె ఈ బడిలో ఎవరిమీదైనా గొంతెత్తింది. ఆ చేతిని ఇప్పుడు వెనక్కి దాచుకుని, తల్లి ఎదురుగానే, కూతురు కుడిచేత్తో రాస్తోంది. పెన్ను గీసుకుపోతోంది. ఒక అక్షరం పైకి, ఒకటి కిందికి. మూడో మాటకి చెయ్యి వణికి, కాగితం మీద పెద్ద చుక్క పడింది.

పిన్ని నోరు తెరవబోయి, మానుకుంది.

పక్కనే నిలబడ్డ గువ్వ కాగితంకేసి చూసి, మెల్లగా అంది. "పెన్ను అటు మార్చుకోవే. అక్షరాలు వంకర పోతున్నాయి."

కోపంతో అనలేదు. ఎత్తిపొడుపు లేదు. రోజూ చదువుకునేటప్పుడు ఎలా అనేదో అలాగే అంది. చిట్టి కళ్ళెత్తి దానికేసి చూసింది. పెన్ను ఎడమచేతిలోకి మారింది. కానీ రాయలేకపోయింది. బల్లమీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

ప్రిన్సిపాలమ్మ ఆ కాగితాన్ని మడిచి డ్రాయరులో పెట్టింది. మేనమామతో, "పొరపాటు జరిగింది. అమ్మాయిని ఉంచండి. సోమవారం ప్రార్థనలో నేనే చెప్తాను. ఈ అమ్మాయి విషయం తర్వాత చూస్తాం" అంది.

మేనమామ గువ్వకేసి చూశాడు. "ఏమ్మా, ఉంటావా?"

గువ్వ తల అడ్డంగా ఊపింది.

"ఎందుకమ్మా? అన్నీ తేలిపోయాయి కదా" అంది వార్డెనమ్మ, తేనె పూసిన గొంతుతో.

"క్లాసులో నేను ఎవరి పక్కన కూర్చోవాలి?" అని అడిగింది గువ్వ. నిజంగానే అడిగింది.

పిన్ని గేటు దాకా వెళ్ళింది, రేకు పెట్టెకి ఒకవైపు పట్టుకుని. ఏదో అనాలి. ఏమంటుంది? "తడిచొక్కా పంపిస్తానమ్మా. మరక తీసేసే పంపిస్తా" అంది.

"సరే పిన్నీ." గువ్వ సంచిలోంచి ఒక చొక్కా తీసి ఇచ్చింది. చక్కగా మడతపెట్టి ఉంది. కాలరులో నంబరు లేదు. "మంగళవారం సాయంత్రం తిరిగి మార్చుకోవడం కుదర్లేదు, నా చొక్కాతోనే ఇంటికొచ్చేసింది. దానిది నా దగ్గరే ఉండిపోయింది. చిట్టికి ఇచ్చెయ్యండి."

బండి వెళ్ళిపోయింది. పిన్ని అలవాటుగా చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

వెనక్కి తిరిగేసరికి వరండా మెట్ల మీద చిట్టి ఉంది. కళ్ళు వాచిపోయాయి. ఎడమ కఫ్ నిండా సిరా. తల్లి దగ్గరికి రాగానే, దూరంగా దుమ్ముకేసి చూస్తూ అడిగింది.

"అది నన్నేమైనా అందా అమ్మా?"

"ఏమీ అనలేదు" అంది తల్లి, చొక్కా చేతికిస్తూ. "నీ చొక్కా ఉతికి ఇచ్చింది."